పట్టాల అవతలి స్టాపు

ఊళ్ళో అందరూ ఆమెను రివర్సమ్మ అనేవారు. లైసెన్సు పరీక్షలో బండిని ముందుకు నడపమంటే మంచినీళ్ళు తాగినంత సులువుగా నడిపింది గాని, వెనక్కి తెమ్మనేసరికి పాతిన కర్రల్లో ఒక్కదాన్నీ నిలవనివ్వలేదు. రెండోసారి వెళ్ళినా అదే వరస. బ్రేకిన్‌స్పెక్టరు నెత్తి పట్టుకుని, "అమ్మా, నువ్వు పడగొట్టిన కర్రలు పాతించడానికే నాకు పొద్దు గడిచిపోతోంది. ఇంటికెళ్ళి నేర్చుకుని రా తల్లీ" అన్నాడు. ఆ మాట ఆమె కంటే ముందే ఊరు చేరింది. తర్వాత ఒక్క కర్ర కూడా కదలకుండా బండిని వెనక్కి తెచ్చి, లైసెన్సు పుచ్చుకుని వచ్చినా పేరు మాత్రం అతుక్కుపోయింది. ఆమె పట్టించుకోలేదు. "పేరులో ఉంటే ఏం పోయింది, మనిషిలో లేకపోతే చాలు" అనేది.

నలభై దాటాక ఆమె స్టీరింగు పట్టడానికి కారణం భర్త. ఆయన పల్లెల నుంచి బడికి పిల్లల్ని చేరవేసే బస్సు నడిపేవాడు. ఆమె అదే బస్సులో వాళ్ళని ఎక్కించి దించే పని చేసేది. ఒకనాడు టైరు మారుస్తుంటే జాకీ జారి ఆయన కుడిచెయ్యి నలిగిపోయింది. ఎముకలు అతుక్కున్నాయి గాని వేళ్ళు పిడికిలి పట్టడం మానేశాయి. డ్రైవరు లేకపోతే బస్సు కాంట్రాక్టు ఇంకొకరి పాలవుతుంది. మొగుడూ పెళ్ళాలిద్దరూ కొన్నాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు. ఆఖరికి ఆమే లేచింది.

"పద, క్లచ్చి ఏదో చూపించు."

"నీకెందుకే అది?"

"తొక్కడానికి."

అలా నేర్చుకుంది. పక్క సీట్లో కూర్చుని ఆయన అరిచే అరుపులకి పొలాల్లో కొంగలు లేచిపోయేవట.

ఆ రోజుల్లో అది పేరుకే బస్సు. తలుపు మూసుకోవాలంటే తీగ చుట్టాలి, పగిలిన అద్దం స్థానంలో అట్టముక్క. ప్రభుత్వం ఇవ్వాల్సిన డబ్బు ఎప్పుడొస్తుందో ఇచ్చేవాళ్ళకే తెలియదు. ఆఫీసుకెళ్ళి అడిగితే, "పైనుంచి రావాలి" అనేవారు. "పైనుంచి రావాల్సింది వానొక్కటే అనుకున్నా, బిల్లులు కూడానా?" అని ఆమె గొణుక్కుంటూ బయటికొచ్చేది. డీజిలు బంకు వాడు ఆమెను చూడగానే మొహం అటు తిప్పుకునేవాడు. అయినా ఆ బస్సు ఒక్కరోజు కూడా బడి ఎగ్గొట్టలేదు.

ఉన్నట్టుండి కాలం మారింది. పల్లె పిల్లల బస్సులన్నిటినీ ప్రభుత్వమే తీసుకుని నడుపుతుందని కొత్త పథకం వచ్చింది. ఈసారి మాటలు గాలికి పోలేదు. డిపో కట్టారు, పసుపుపచ్చ బస్సులు కొన్నారు, సీటు సీటుకీ బెల్టు పెట్టారు. అనుభవమున్న పాత డ్రైవర్లని పరీక్ష పెట్టి మరీ నౌకరీలోకి తీసుకున్నారు. రివర్సమ్మకి నెల తిరిగేసరికి జీతం, ఒంటి మీదికి యూనిఫారం, బస్సులో సాయానికి ఇంకో ఆమె. మొదటి జీతం అందుకున్న రోజు ఆమె బంకు వాడి దగ్గరికి వెళ్ళి, పాత బాకీ తీర్చి, "ఇప్పుడు చూడు నా మొహం" అని నవ్వి వచ్చింది. ఇంత మంచి పని చేసినవాళ్ళ కడుపు చల్లగుండాలని మనసారా అనుకుంది.

బడి తెరవడానికి ముందు రూటు కాగితం చేతికిచ్చారు. ఒకటికి రెండుసార్లు చదివింది. ఆమె వెళ్ళే దారిలో అన్ని పల్లెలూ ఉన్నాయి గాని, క్వారీ పేట లేదు.

క్వారీ పేట అంటే కొండకింద కంకర రాయి కొట్టుకుని బతికేవాళ్ళ ఇళ్ళు. రేకుల కప్పులు, ఎటు చూసినా తెల్లటి రాతిదుమ్ము. పేటకీ బడికీ మధ్య ఒక వాగు, వాగు దాటగానే గూడ్సు బళ్ళు తిరిగే రైలు పట్టాలు. నడిచి వస్తే దగ్గరే. బస్సు మాత్రం కొండ చుట్టూ తిరిగి, గేటు దగ్గర పట్టాలు దాటి రావాలి. ఎన్నో ఏళ్ళుగా ఆమె, అంతకు ముందు ఆమె భర్త, ఆ చుట్టు తిరిగే వెళ్ళేవారు.

మర్నాడే రూట్ల ఆఫీసరు గదికి వెళ్ళింది. ఆయన వయసులో చిన్నవాడు, మర్యాదస్తుడు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. గోడ మీది పటం దగ్గరికి వెళ్ళి బడి మీద ఒక వేలు, క్వారీ పేట మీద ఒక వేలు పెట్టాడు. రెండు వేళ్ళ మధ్య జానెడు కూడా లేదు.

"ఇదిగోనమ్మా, బడికి ఇంత దగ్గరున్న ఊళ్ళకి బస్సు లేదు. అది రూలు. పటం మీద గీత గీసి కొలుస్తాం."

"గీత మీద పిల్లలు నడవరు కదండీ. వాగు మీద నుంచి, పట్టాల మీద నుంచి ఎగిరి రావడానికి వాళ్ళేమన్నా కాకులా? ఇలాంటివాటినే మా ఊళ్ళో కాకిలెక్కలంటారు."

ఆయన నవ్వాడు. కాని పటం మీద నుంచి వేలు తియ్యలేదు. "నిజమే కావచ్చు. నేను ఒక్క పేటకి సడలిస్తే రేపు పది పేటలు వస్తాయి. పిల్లల తల్లిదండ్రులు అప్పీలు పెట్టుకోవచ్చు. పెడితే దారి చూడ్డానికి మనిషిని పంపిస్తాం. మీరు మాత్రం పెట్టకూడదు. మీరు మా ఉద్యోగి."

"అప్పటిదాకా?"

"అప్పటిదాకా కాగితంలో లేని స్టాపులో బస్సు ఆగకూడదు."

ఇంటికొచ్చి భర్తతో చెబితే ఆయన తల పంకించాడు. "ఇన్నాళ్ళకి మనకి కాస్త నిలకడొచ్చింది. నోరు మూసుకుని ఇచ్చిన రూటు నడుపు. బస్సు నీదా, రోడ్డు నీదా, పోనీ పిల్లలు నీవాళ్ళా?"

"ఇన్నేళ్ళూ ఎక్కించుకున్నది ఎవరు?"

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని టీ కొట్టుకి బయల్దేరాడు.

బడి తెరిచారు. పేటలోని పెద్దపిల్లలు వాగు దాటి, పట్టాలు దాటి, కాళ్ళకి బురద పూసుకుని బడికి వస్తున్నారు. చిన్నవాళ్ళలో చాలామంది రావడమే లేదు. ఆదివారం రివర్సమ్మ పేటకి వెళ్ళింది. అక్కడ రాళ్ళు కొట్టే ఒకామె ఆమెకి బాగా తెలుసు. ఆమె కొడుకు పెద్ద క్లాసు, కూతురు అప్పుడే బళ్ళో చేరాల్సిన పిల్ల. బొద్దుగా, గట్టిగా ఉంటుందని తల్లి ఆ పిల్లని గులకరాయి అని పిలిచేది. పిల్ల కొత్త సంచీ భుజాన వేసుకుని గడపలో కూర్చుని ఉంది. ఆదివారమని చెప్పినా తియ్యలేదట.

"పోనీలే అక్కా," అంది తల్లి, సుత్తి పక్కన పెట్టి. "దీనికేం తొందర? వచ్చే ఏడు కాస్త కాళ్ళు సాగాక పంపిస్తాలే. మాకు అలవాటే."

ఆ 'అలవాటే' అన్న మాట రివర్సమ్మ గుండెలో ములుకులా దిగింది. తిట్టుంటే తేలిగ్గా ఉండేది.

వానలు మొదలయ్యాయి. ఒకరోజు పొద్దున కుండపోత. మెయిన్ రోడ్డు మీద వస్తూ ఆమె దూరం నుంచి చూసింది. పేట పిల్లలు వాగు అవతల గుంపుగా నిలబడి ఉన్నారు. నీళ్ళు మోకాళ్ళ దాకా పారుతున్నాయి. అప్పుడామె ఏమీ ఆలోచించలేదు. బస్సుని కొండ దారికి తిప్పేసింది. పక్కనున్న సాయం ఆమె "అక్కా, అక్కా, మన రూటు ఇటు కాదు!" అని అరుస్తూనే ఉంది. పేటలోకి వెళ్ళి పిల్లలందర్నీ ఎక్కించుకుంది. బడికి చేరేసరికి మొదటి పీరియడు అయిపోయింది. బస్సులో ముందునుంచీ ఉన్న పిల్లల్లో ఒక అబ్బాయికి పరీక్ష పోయింది. వాళ్ళ నాన్న ఆ సాయంత్రమే డిపోకి వచ్చి నిలదీశాడు.

బస్సు ఎక్కడ తిరిగిందో డిపోలో కంప్యూటరుకి తెలుసు. రూట్ల ఆఫీసరు ఆమెను పిలిచాడు. ఆయన మొహంలో కోపం కంటే చికాకే ఎక్కువుంది.

"కాగితంలో లేని పిల్లలకి ఏమన్నా అయితే ఇన్సూరెన్సు రాదు. తెలుసా మీకు?"

"తెలుసండీ. తప్పే. ఆ అబ్బాయి పరీక్ష పోగొట్టాను, అదింకా పెద్ద తప్పు."

"మళ్ళీ చేస్తారా?"

"బస్సు తిప్పనండీ. ఊరుకుంటానని మాత్రం చెప్పలేను."

మెమో ఇచ్చారు. స్టీరింగు మీద నుంచి తీసి, బస్సులు కడిగే షెడ్డులో వేశారు. డ్రైవరుగా చేరినామె చేతికి గొట్టం, చీపురు వచ్చాయి. తోటి డ్రైవర్లలో కొందరు జాలిపడ్డారు, కొందరు "కూర్చున్న కొమ్మనే నరుక్కుంది" అనుకున్నారు. మొదటి రోజు ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుంటే ఏడుపు ముంచుకొచ్చింది. భర్త మంచినీళ్ళ గ్లాసు అందించి, "నే చెప్పలా" అనబోయి, ఆమె కళ్ళు చూసి ఆ మాట మింగేశాడు.

ఏడుపు అయ్యాక మొహం కడుక్కుని కూర్చుంది. "షెడ్డు పని పొద్దెక్కాక మొదలవుతుంది," అంది. "పొద్దున్నంతా ఖాళీయేగా."

మర్నాటి నుంచి పొద్దున్నే పేటకి నడిచి వెళ్ళడం మొదలుపెట్టింది. ముందు తల్లుల్ని కూడగట్టింది. అప్పీలు కాగితం మీద వేలిముద్ర వెయ్యడానికి ఒక్కొక్కరూ భయపడ్డారు. క్వారీ యజమానికి కోపం వస్తుందేమో, ఇళ్ళు ఖాళీ చెయ్యమంటాడేమోనని. గులకరాయి తల్లి ముందుకొచ్చి, "నాది మొదట వెయ్యి" అంది. దాంతో మిగతావాళ్ళూ కదిలారు.

అప్పీలు వెళ్ళింది. దారి చూడ్డానికి మనిషి వచ్చాడు. రోడ్లూ హద్దులూ కొలిచే ఉద్యోగి ఆయన, ఊళ్ళో అందరూ కొలతలాయన అంటారు. నేడో రేపో రిటైరు కావాల్సిన మనిషి. ఆయన వచ్చిన వేళ ఎలాంటిదంటే, వానలు తెరిపి ఇచ్చిన వారం, అందులోనూ బడికి సెలవు, మిట్టమధ్యాహ్నం. వాగులో రాళ్ళు ఎండిపోయి ఉన్నాయి. పట్టాల మీద బండి లేదు, పిల్లాడు లేడు. గొడుగు వేసుకుని హాయిగా నడిచి వెళ్ళి, చెప్పులు కూడా తడవలేదని, దారి నడవదగినదేనని రాసి ఇచ్చాడు. అప్పీలు కొట్టేశారు.

పేటలో సగంమంది ఆశ వదిలేశారు. "మన రాత ఇంతే" అన్నారు. రివర్సమ్మ ఆ సాయంత్రం ఇంట్లో కొలతలాయన్ని నానా మాటలూ అంటుంటే, ఎన్నడూ ఆ ఊసెత్తని భర్త నోరు విప్పాడు.

"ఆయన్ని తిట్టకు. టీ కొట్టు దగ్గర రోజూ చూస్తూనే ఉంటాగా, చెడ్డమనిషి కాదు. ముక్కుసూటి మనిషి. ఎండ చూపించారు, ఎండ రాశాడు. వాన చూపిస్తే వాన రాస్తాడు."

"ఎవరు చూపిస్తారు?"

"రెండో అప్పీలు పెట్టించు. ఆయన్ని పట్టుకొచ్చే పూచీ నాది."

ఎలా ఒప్పించాడో ఆయన ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. టీ కొట్టు బల్ల మీద చాలా పొద్దులు ఖర్చయ్యాయని మాత్రం తెలుసు. కొలతలాయన మొదట మండిపడ్డాడట. "నా రిపోర్టు అబద్ధమంటారా?" అని. "నిజమే రాశారు సార్, కాకపోతే సెలవునాటి నిజం. బడి ఉన్ననాటిది కూడా ఒకసారి చూస్తే పోలా?" అన్నాడట ఈయన. రెండో అప్పీలు ఆఫీసుకి చేరిన తర్వాత, ముసురు పట్టిన ఒక పొద్దున కొలతలాయన ప్యాంటు మడుచుకుని పేటలో దిగాడు.

పిల్లలంతా బయల్దేరారు, ఆ రోజు గులకరాయి కూడా సంచీ తగిలించుకుని వెంట వచ్చింది. రివర్సమ్మ వెనక నడిచింది. కొలతలాయన తనంతట తానే గులకరాయి చెయ్యి పట్టుకున్నాడు. వాగు దగ్గర పిల్లని ఎత్తుకుని దాటించాడు. ఆయన బూట్లలోకి నీళ్ళు వెళ్ళాయి. గట్టెక్కేసరికి ఎదురుగా గూడ్సు బండి ఆగి ఉంది. ఈ చివర నుంచి ఆ చివర కనిపించనంత పొడుగు. సిగ్నలు కోసం తరచూ అక్కడ ఆగేదే.

"ఇదెప్పుడు కదులుతుంది?" అన్నాడాయన.

"దానిష్టమండీ," అంది రివర్సమ్మ. "ఒక్కోసారి వెంటనే, ఒక్కోసారి బడి గంట కొట్టాక."

ఈ మాటల్లో ఉండగానే పెద్దపిల్లలు అలవాటుగా వంగారు. సంచీలు ముందు తోసి, పెట్టెల కిందనుంచి పాక్కుంటూ అవతలికి పోతున్నారు. ఈ సంగతి ఆమెకి పిల్లల మాటల్లో లీలగా వినబడిందే గాని, కళ్ళారా చూడ్డం అదే మొదలు. ఆమె "ఆగండ్రా!" అని కేక వేసేలోపే, గులకరాయి కూడా కొలతలాయన తడిచేతిలోనుంచి చెయ్యి జార్చుకుని, అన్న వెళ్ళిన దారినే పెట్టె కింద దూరింది.

బండి ఒక్క కుదుపు కుదిపింది. ఆ చివర్నుంచి ఈ చివరిదాకా పెట్టెలన్నీ ఒకదాన్నొకటి గుద్దుకుంటూ ఉరిమినట్టు చప్పుడు. చక్రం ఒక్కటి మెల్లగా కదిలింది. రివర్సమ్మ నేలమీద బోర్లా పడి కిందకి చూసింది. పట్టాలకు అవతల బురదలో చిన్న కాళ్ళు రెండు నిలబడి ఉన్నాయి. ఆ వెంటనే పిల్ల వంగి, ఇటు తొంగిచూసి, "తాతా, రా!" అని పిలిచింది.

కొలతలాయన కంకర గుట్ట మీద కూలబడ్డాడు. పిల్ల చెయ్యి జారిపోయిన తన అరచేతిని అలా చూస్తూ కూర్చున్నాడు. ఆఖరి పెట్టె దాటాక ఆయన లేచి, అవతలికెళ్ళి, పిల్లని దగ్గరికి తీసుకుని, "ఇంకెప్పుడూ అలా దూరకు తల్లీ" అన్నాడు.

"ఏమండీ, రాస్తారా?" అంది రివర్సమ్మ.

"రాయడం కాదమ్మా. నేనే పట్టుకెళ్ళి ఇస్తా."

ఇచ్చాడు. కాని ప్రభుత్వమంటే గూడ్సు బండి లాంటిదే, కదిలేసరికి కాలం పడుతుంది. ఆ లోపల పిల్లలు ఏ దారిన పోవాలి? రివర్సమ్మ ఆగలేదు. పట్టాల దగ్గర రోజుకి ఇద్దరు తల్లుల్ని వంతులు వేసి నిలబెట్టింది. మొదట్లో మూడో మనిషి ఎప్పుడూ తనే. బండి కదిలి వెళ్ళేదాకా పిల్ల కాదు కదా, పిల్ల సంచీ కూడా కింద దూరకూడదు. ఎంతసేపైనా సరే, బడికి ఆలస్యమైనా సరే. బడికెళ్ళి పెద్ద టీచరమ్మని కలిసి ఆ సంగతే చెప్పింది. ఆమె అంతా విని, "లేటుగా వచ్చినా గేటు తీసే ఉంచుతా" అంది. గులకరాయి కూడా ఆ గుంపులో రోజూ బడికెళ్ళింది. పెద్దపిల్లలు విసుక్కున్నారు, ఒకడు రివర్సమ్మని "గేటుబామ్మ" అన్నాడు. ఇంకో పేరు వచ్చిందని ఆమె భర్త పగలబడి నవ్వాడు.

చలికాలం వెళ్ళిపోయే రోజుల్లో రూట్ల ఆఫీసరు ఆమెను కబురంపి పిలిపించాడు. చేతిలో కొత్త ఉత్తర్వు ఉంది. ఇకమీదట దూరం పటం మీద గీత గీసి కొలవరు. పిల్ల కాళ్ళు భయం లేకుండా నడిచే దారిని కొలుస్తారు. అది కూడా బడి ఉన్న రోజు, బడి వేళకే. క్వారీ పేటకే కాదు, రాష్ట్రంలో అలాంటి అన్ని పేటలకీ. డబ్బు చాలదన్నవాళ్ళు పైన చాలామందే ఉన్నారట. అందుకని పెద్ద బస్సుకి బదులు చిన్న బస్సులు మంజూరు చేశారు, అవీ ముందు ఒక ఏడాదికే.

"ఏడాది తర్వాత?" అంది రివర్సమ్మ.

"మళ్ళీ అడగాలి."

"అడుగుతాం లెండి. అదేమన్నా కొత్తా?"

ఆయన కాసేపు కాగితాలు సర్దాడు. "ఆ రూటు ఎవరన్నా తీసుకుంటారా అని డ్రైవర్లని అడిగాను. దారి గతుకులు, బండి చిన్నది. ఎవరూ ముందుకు రాలేదు."

"నాకివ్వండి."

"మీ మీద మెమో ఉంది కదమ్మా."

"ఉందండీ. ఆ దారి నాకు బాగా తెలుసనడానికి అంతకంటే రుజువేం కావాలి?"

ఆయన ఈసారి గట్టిగానే నవ్వాడు. మెమో తీసెయ్యడం తన చేతిలో లేదన్నాడు, రూటు ఇవ్వడం మాత్రం ఉందన్నాడు. సంతకం పెట్టాడు.

సోమవారం పొద్దున చిన్న బస్సు కొండ చుట్టూ తిరిగి క్వారీ పేటలో ఆగింది. పిల్లలు కిటికీ సీట్ల కోసం కొట్టుకున్నారు. రివర్సమ్మ అద్దంలోంచి చూసి, "బెల్టు పెట్టుకున్నవాళ్ళకే కిటికీ" అని అరిచింది. క్షణంలో అందరూ సర్దుకున్నారు. గులకరాయి తల్లి చేతులకున్న రాతిదుమ్ము చీరకి తుడుచుకుని, పిల్లని మెట్టెక్కించి, మళ్ళీ సుత్తి దగ్గరికి వెళ్ళిపోయింది. గేటు దగ్గర గూడ్సు బండి అడ్డం వచ్చింది. బస్సు ఆగింది. పెట్టెలు ఒక్కొక్కటే పోతుంటే పిల్లలు గోలగా లెక్కపెట్టారు. ఎవరికీ లెక్క కుదరలేదు.

బడి ముందు ఆగాక అందరూ దిగారు, ఒక్క గులకరాయి తప్ప. బెల్టు కింద సంచీని కౌగలించుకుని, నోరు తెరుచుకుని నిద్రపోతోంది. నడక లేని పొద్దు ఆ పిల్లకి అదే మొదటిది. పెద్ద టీచరమ్మ బస్సు దగ్గరికొచ్చి తొంగిచూసింది.

"లేపనా?"

"వద్దండీ, నేనే తీసుకొస్తా," అని రివర్సమ్మ ఇంజను ఆపి, హ్యాండు బ్రేకు వేసి, పిల్లని భుజానికెత్తుకుని బడిలోకి నడిచింది.